అమెరికా నుంచి వచ్చిన పిల్లల ఉయ్యాల రీకాల్ అయిందంట, ఏం చేసేది?

మైపాడు గాలి
అమెరికాలో మావాళ్ళు తమ పిల్లోడికి వాడి ఇచ్చిన వాలు ఉయ్యాల ఒకటి ఇంట్లో ఉండాది. బ్యాటరీలు వేస్తే తనంతట తనే ఊగుతాది. ఈ రకాన్ని అక్కడ రీకాల్ చేశారని నిన్న తెలిసింది. పాపకు మూడో నెల. వస్తువు మీద ఒక్క గీత కూడా పడలా, పాడు కాని వస్తువును ఎందుకు వెనక్కి పిలుస్తారు? మనది ఆ రకమో కాదో కనుక్కునేది ఎట్టా? మన దేశంలో ఇట్టాంటివి ఎవరు చూస్తారు, నెల్లూరులో యాడికి పోయి అడగాలి?

గూడూరు నిమ్మకాయ
ఆ పిల్లోడు దాంట్లోనే పడుకుని పెద్దోడయ్యాడు గదా. మన చీర ఉయ్యాల కంటే ప్రమాదమా అది?

వార్డు సిస్టర్
ముందు పాపను దాంట్లోంచి తియ్యండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

రీకాల్ అంటే వస్తువు విరిగిపోతుందని మాత్రమే కాదు. వాలు పడకల్లో తప్పు ఆకారంలోనే ఉంది. మూడు నెలల బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఇంకా నిలవదు. వీపు ఏటవాలుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. పసిబిడ్డ గాలిగొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది, అలా మడతపడితే ఊపిరి అందదు. ఏడుపు రాదు, దగ్గు రాదు. పక్కనే కూర్చున్న తల్లికి కూడా హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. ఇంకొకటి, పక్కకి తిరగడం వచ్చిన బిడ్డ ఆ వాలులో తిరిగితే మొహం మెత్తటి గుడ్డలో కూరుకుపోతుంది, మళ్ళీ వెనక్కి తిరిగే బలం ఉండదు.

నిమ్మకాయ గారూ, చీర ఉయ్యాల క్షేమమని నేనూ అనను. అందులోనూ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. కాస్త పెద్ద పిల్లలు అందులో దూరి గిరగిరా తిరిగితే చీర మెలిపడి మెడకు బిగుస్తుంది. ఎదురుగా కూర్చుని ఊపి నిద్రపుచ్చండి, కళ్ళు మూతపడగానే తీసి చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు వద్దు, పక్కన మెత్తటి బొమ్మలు వద్దు.

డాలస్‌లో కావలోడు
సిస్టర్ చెప్పిన ఆ ఆకారం మీదే ఇక్కడ పెద్ద రీకాల్ జరిగింది. 2019 ఏప్రిల్లో ఫిషర్ ప్రైస్ రాక్ ఎన్ ప్లే అనే వాలు పడకలు 47 లక్షల దాకా వెనక్కి పిలిచారు. అప్పటికే 30 మందికి పైగా పసిపిల్లలు పోయారు. ఇళ్ళలో మిగిలిపోయినవాటిలో ఆ తర్వాత కూడా పిల్లలు పోయేసరికి 2023 జనవరిలో అదే రీకాల్‌ను మళ్ళీ ప్రకటించారు. మధ్యలో 2022లో చట్టమే తెచ్చారు. ఏడాదిలోపు పిల్లల నిద్రకని చేసే పడక వాలు 10 డిగ్రీలు దాటితే దాన్ని అమ్మకూడదు.

మీ ఇంట్లోది ఆ కంపెనీదని నేననడంలా. తిరగేసి లేబుల్ చూడాలి. సీటు అడుగున గుడ్డ జిప్పు తీస్తే గానీ, కాలి గొట్టం మీద గానీ తెల్ల స్టిక్కర్ ఉంటాది. 2009 ఆగస్టు తర్వాత తయారైన పిల్లల వస్తువుల మీద కంపెనీ పేరు, తయారైన తేదీ, ఊరు, బ్యాచ్ వివరం చెరగకుండా ఉండాలని ఇక్కడి చట్టం. మోడల్ నంబరు, తేదీ రెండూ రాసుకోండి. ఇక్కడ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ, దాని వెబ్‌సైట్లో రీకాల్స్ అనే చోట పేరు కొట్టండి. ఒక్కో రీకాల్ పేజీలో మోడల్ నంబర్లు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అమ్మారు, ప్రమాదం ఏంది, కంపెనీ ఏం చేస్తాది అన్నీ ఉంటాయి. మోడల్ కలిసి తేదీ కలవకపోతే అది రీకాల్ కాదు. చాలామంది బొమ్మ చూసి "ఇదే" అనేసుకుంటారు, అట్టా తేల్చకూడదు.

మైపాడు గాలి
స్టిక్కర్ ఉండాది అన్నా, సగం చెరిగిపోయింది. తేదీ కనపడతా ఉండాది, మోడల్ చివరి రెండు అంకెలు లేవు.

డాలస్‌లో కావలోడు
ఫోన్ టార్చి పక్కనుంచి అడ్డంగా వేసి ఫోటో తియ్యి తమ్ముడూ, పోయిన అచ్చు కూడా నొక్కు రూపంలో కనపడతాది. అప్పటికీ రాకపోతే కొన్నవాళ్ళ ఆన్‌లైన్ ఆర్డర్ల జాబితాలో పాత ఆర్డరు వెతకమను, అందులో మోడల్ పూర్తిగా ఉంటాది.

రీకాల్‌లో డబ్బు వాపసు ఉంటే సాధారణంగా అక్కడ కొన్నవాళ్ళకే ఇస్తారు, కాబట్టి అక్కడున్న మీవాళ్ళ పేరు మీదే అప్లై చెయ్యాలి. బెల్టులు కోసి, గుడ్డ కత్తిరించి ఫోటో పంపమంటారు కొన్ని కంపెనీలు. తొందరపడి ముందే కోసెయ్యొద్దు, ఎక్కడ కోసి, దేన్ని ఫ్రేములో చూపించమన్నారో చదివి అట్టానే చెయ్యి.

మార్కాపురం పలక
మోడల్ తేలేదాకా ఒక కొలత మీరే తీసుకోవచ్చు. ఫోన్లో లెవెల్ ఆప్ తెరిచి, వీపు ఆనే పలక మీద ఒక అట్ట పెట్టి దాని మీద ఫోన్ పడుకోబెట్టండి. అంకె 10 దాటితే రీకాల్ అయినా కాకపోయినా నిద్రకు పనికిరాదు. మామూలు ఊగే కుర్చీలు ఎన్నో దుకాణాల్లో ఇప్పటికీ ఉన్నాయి, అవి మేలుకుని ఉన్న బిడ్డను కాసేపు కూర్చోబెట్టేందుకే.

ఒక్క అమెరికా సరుకే కాదు, దుబాయ్ నుంచి, సింగపూర్ నుంచి వచ్చేవి కూడా చూడాలనుకుంటే ఓఈసీడీ అనే దేశాల కూటమి నడిపే గ్లోబల్ రీకాల్స్ పోర్టల్ ఉంది, చాలా దేశాల రీకాల్స్ ఒక్కచోట వెతకొచ్చు. ఐరోపా సరుకుకు సేఫ్టీ గేట్ అనే సైటు.

గూడూరు నిమ్మకాయ
వాలు సంగతి ఒప్పుకుంటా సిస్టర్. మరి మన దేశంలో ఎవురైనా ఎప్పుడైనా ఏదైనా వెనక్కి పిలిచారా? నేను మాత్రం వినలా.

చీమకుర్తి రాయి
పిలిచారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ అంటారు, 2020 జులైలో ఏర్పడింది. ఆ చట్టం 20వ సెక్షన్ ప్రకారం విచారణలో ప్రమాదకరమని తేలిన సరుకును వెనక్కి తెప్పించమని, కొన్నవాళ్ళకు ధర తిరిగి ఇమ్మని ఆదేశించొచ్చు. 2022 ఆగస్టులో అదే చేసింది. తప్పనిసరి ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమెజాన్ ద్వారా 2,265, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598 అమ్ముడుపోయాయని తేల్చి, కొన్నవాళ్ళందరికీ తెలియజేసి వాపసు తీసుకుని డబ్బు కట్టమంది. ఒక్కొక్కరికి లక్ష రూపాయల జరిమానా. దాని మీద ఢిల్లీ హైకోర్టు దాకా పోయారు.

తేడా ఎక్కడంటే, ఆన్‌లైన్లో కొంటే కొన్నవాళ్ళ ఫోన్ నంబరు అమ్మినోడి దగ్గర ఉంటుంది, మెసేజ్ పంపగలడు. పెద్దబజారులో బిల్లు లేకుండా కొన్న కుక్కర్ ఎవరి వంటింట్లో ఉందో దేవుడికే తెలియాలి. బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండని నేను పదే పదే చెప్పేది అందుకే.

కోవూరు బర్నర్
కుక్కర్ మాట వచ్చింది గాబట్టి. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంటి కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రకారం ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తున్న కుక్కర్‌ను కూడా మనోళ్ళే పాడుచేస్తారు. మూత మీద సేఫ్టీ వాల్వ్ మధ్యలో కరిగిపోయే లోహపు బిళ్ళ ఉంటాది. నీళ్ళయిపోయి మాడితే ఆ బిళ్ళ కరిగి ఆవిరి పోతాది. అది ఒకసారి పోయినాక కంపెనీది దొరకలేదని ఏదో బోల్టు బిగిస్తారు. అంతటితో ఆఖరి దారి మూసుకుపోయినట్టే. గ్యాస్కెట్ గట్టిపడి సాగకపోతే మార్చండి, ఏదో ఒక సైజుది కాదు, ఆ మోడల్‌దే. మూత అంచున చిన్న కిటికీ లాంటి సందు ఉంటే అది గ్యాస్కెట్ బయటికి ఉబ్బి ఆవిరి వదిలేందుకు పెట్టింది, ఎవురూ మూయొద్దు. పప్పు సగానికి మించి పొయ్యొద్దు. విజిల్ తీసి ఆ గొట్టంలోంచి వెలుతురు చూడండి, అవతల కనపడకపోతే పప్పు పొట్టు అడ్డం పడినట్టు.

గ్యాస్ పైపుకు అయిదేళ్ళే. ఆరెంజి సురక్షా పైపు మీద తేదీ అచ్చేసి ఉంటాది. గ్యాస్ వాసనొస్తే 1906కు ఫోన్ చెయ్యండి.

మైపాడు గాలి
మళ్ళీ పిల్లల వస్తువులకు వద్దాం. పాపకు వచ్చిన బొమ్మలు ఒక సంచి నిండా ఉండాయి. ఇవన్నీ ఎట్టా చూసేది?

బొమ్మలకొట్టు చిన్నబజారు
డబ్బా మీదో బొమ్మ మీదో ఐఎస్ఐ గుర్తు వెతకండి. గుర్తుకు పైన ఐఎస్ నంబరు ఉంటాది. మామూలు బొమ్మకు 9873, బ్యాటరీ బొమ్మకు 15644. గుర్తుకు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ బీఐఎస్, వాళ్ళ బీఐఎస్ కేర్ ఆప్‌లో వెరిఫై లైసెన్స్ డీటెయిల్స్ నొక్కి ఆ అంకెలు కొడితే కంపెనీ పేరు, చిరునామా, ఏ సరుకుకు లైసెన్స్, అమల్లో ఉందా లేదా వస్తాది. దొంగ గుర్తు పట్టేది యాడంటే సరుకు పేరు దగ్గర. బొమ్మ మీదున్న నంబరు కొడితే నీళ్ళ బాటిల్ కంపెనీయో సిమెంటు కంపెనీయో వస్తే అది కాజేసిన నంబరు.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఇది తప్పనిసరి. కానీ నిజం చెప్పాలి గదా, చెన్నై నుంచి గోతాల్లో వచ్చే విడి బొమ్మలకు డబ్బానే ఉండదు, ఇంక గుర్తు యాడ ఉంటాది? నలభై రూపాయల బొమ్మ అడిగేవాళ్ళకు లైసెన్స్ బొమ్మ చూపిస్తే పక్క కొట్టుకి పోతారు. చిన్న కొట్లవాళ్ళను తిట్టేముందు ఇది కూడా చూడండి.

చీమకుర్తి రాయి
బాధ అర్థమైంది అన్నా, కానీ చట్టం తయారుచేసేవాడి దగ్గర ఆగలేదు. గుర్తు లేనిది నిల్వ పెట్టడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా నేరమే, జరిమానా రెండు లక్షలకు తగ్గదు. 2023 జనవరిలో బీఐఎస్ వాళ్ళు దేశంలో పెద్ద పెద్ద దుకాణాల్లోనే 18,600 బొమ్మలు పట్టుకున్నారు. ఇంకోటి మీరు తప్పక తెలుసుకోవాలి. తయారుచేసిందెవరో తెలియని వస్తువుతో దెబ్బ తగిలితే వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడు. గోతాం బొమ్మ మీద మీరు మిగుల్చుకునే అయిదు రూపాయలకు ఆ బరువు ఎత్తుకోవద్దు.

మార్కాపురం పలక
చేతివృత్తుల బొమ్మలను దీంతో కలపొద్దు. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసినవాటికి, ఏటికొప్పాక, కొండపల్లి లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటిలో నమోదైన తయారీదారులు చేసినవాటికి మినహాయింపు ఉంది. గుర్తు లేని ప్రతి కొయ్యబొమ్మా దొంగబొమ్మ కాదు.

గుర్తు సంగతి తెలియనప్పుడు చేత్తో చూసేవి కొన్ని. మూడేళ్ళలోపు పిల్లలకు చిన్న ముక్క అంటే ఏదో ప్రమాణంలో లెక్క ఉంది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో, నొక్కకుండా, పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా గొంతులో అడ్డం పడే సైజే. ఇంట్లో టాయిలెట్ పేపర్ అట్టగొట్టం ఉంటే చాలు, అది ఇంకొంచెం వెడల్పు కాబట్టి అందులో పట్టిందల్లా పక్కన పెట్టేయండి. బొమ్మ మొత్తాన్నే కాదు, ఊడొచ్చే భాగాలను కూడా చూడాలి: కళ్ళు, చక్రాలు, పీపీ మోగే బిళ్ళ. గట్టిగా లాగి, మెలేసి చూడండి. ఏడాదిన్నర లోపు పిల్లల బొమ్మకు తాడు 22 సెంటీమీటర్లు దాటకూడదు.

వార్డు సిస్టర్
ఆ సంచిలో మొదట వెతకాల్సింది బిళ్ళ బ్యాటరీ. రొట్టెల పండగ దగ్గర స్వర్ణాల చెరువు గట్టున అమ్మే మెరిసే బొంగరాలు, వెలిగే ఉంగరాలు, దీపావళికి వాకిట్లో పెట్టే ప్లాస్టిక్ దీపాలు, పాట వచ్చే గ్రీటింగ్ కార్డులు, కారు తాళం, బరువు చూసే మిషన్. దీపం అడుగున మూత గోటితో ఊడితే పక్కన పెట్టేయండి. పిల్లల వస్తువుకు ఆ మూత స్క్రూతో బిగించి ఉండాలి.

అన్నిటికంటే చెడ్డది 20 మిల్లీమీటర్ల బిళ్ళ, సీఆర్ 2032 అని ఉంటుంది. రూపాయి బిళ్ళంత ఉంటుంది కాబట్టి చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కుంటుంది. లోపలిది కారి కాలుతుందని చాలామంది అనుకుంటారు, అది కాదు. రెండు వైపులా తడి కండ తగలగానే కరెంటు ప్రవహిస్తుంది, మైనస్ వైపున క్షారం పుట్టి కండను సబ్బులా కరిగిస్తుంది. రెండు గంటల్లో తీవ్రంగా కాలుతుంది. ఇంట్లో చూడాలంటే చికెన్ ముక్క మీద మైనస్ వైపు, అంటే అక్షరాలు లేని చిన్న వైపు, ఆనించి పెట్టండి. కాసేపటికే అంచు చుట్టూ నురగ వస్తుంది, తీసి చూస్తే కింద నల్లటి గుంత. దీపం వెలిగించలేని పాత బిళ్ళలో కూడా ఈ పని చేసేంత కరెంటు మిగిలి ఉంటుంది.

మింగిందని అనుమానం వస్తే చాలు, కక్కించొద్దు, అన్నం, అరటిపండు పెట్టి కిందికి తోయాలని చూడొద్దు. 108 గానీ సొంత బండి గానీ, ఎక్స్‌రే, ఎండోస్కోపీ రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోండి. ఎక్స్‌రేలో నాణెం ఒక్క గీత వలయంలా, బ్యాటరీ రెండు వలయాలుగా కనపడుతుంది, "నాణెమేమో, రేపు చూద్దాం" అంటే అంచు సరిగ్గా చూడమని అడగండి. ఏడాది నిండిన పిల్లకు, మింగి 12 గంటల లోపైతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకు మించి వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు వద్దు. తేనె కోసం దుకాణం వెతుకుతూ ఆగొద్దు, ఇంట్లో ఉంటే ఇవ్వాలి, లేకపోతే లేదు. మింగడం ఎవరూ చూడకపోతే సొంగ ఎక్కువ కారడం, అన్నం వద్దనడం, గురక లాంటి ఊపిరి చూసి జలుబు అనుకుంటారు. అక్కడే పొద్దు పోతుంది.

గూడూరు నిమ్మకాయ
ఇంట్లో మూడు దీపాలుండాయి, మూడూ గోటితోనే ఊడినాయి. తీసిన బిళ్ళలు ఏం చేసేది సిస్టర్?

వార్డు సిస్టర్
ఒక్కోదానికి రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకందని సీసాలో వేసి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. చెత్తబుట్టలో విడిగా వేస్తే వీధిలో ఇంకో బిడ్డకు దొరుకుతుంది. గట్టి అయస్కాంతపు గుండ్లు కూడా ఇదే వరసలో పెట్టుకోండి. ఒకటి మింగితే ఒక సంగతి, రెండు మింగితే పేగు మడతలకు అటూ ఇటూ అతుక్కుని మధ్యలో చిల్లు పెడతాయి. నీళ్ళలో ఉబ్బే రంగు పూసలు ఎక్స్‌రేలో కనిపించను కూడా కనిపించవు.

వైరింగ్ మేస్త్రి ఒంగోలు
పవర్ బ్యాంకులు మర్చిపోయారు. 2025 జూన్‌లో అమెరికాలో ఆంకర్ పవర్‌కోర్ 10000, మోడల్ ఏ1263, పదకొండు లక్షలకు పైగా రీకాల్ చేశారు, లోపలి లిథియం సెల్ వేడెక్కి అంటుకుంటుందని. ఎవరైనా అక్కడి నుంచి తెచ్చిస్తే వెనక మోడల్ చూసి, సీరియల్ నంబరు కంపెనీ పేజీలో కొట్టి చూడండి. ఇక్కడ కొన్నదానికి ఐఎస్ఐ గుర్తు కాదు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అదే బీఐఎస్ ఆప్‌లో ఆర్ నంబర్ దగ్గర చూడొచ్చు.

బకెట్లో పెట్టే హీటర్ రాడ్‌కు ఐఎస్ 368. మన ఉప్పు నీళ్ళకు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టి లోపలి తీగ వేడెక్కి గొట్టం పగులుతుంది, అప్పుడు కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. పగులు కనిపిస్తే అతికించొద్దు, పారెయ్యండి. మూడు పిన్నుల్లో పెద్దది ఎర్త్, దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టేవాళ్ళున్నారు, దండం పెట్టి చెప్తున్నా, చెయ్యొద్దు. ఇంటికి, కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించి నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే అది చచ్చినట్టే.

మైపాడు గాలి
చీమకుర్తి అన్నా, ఫిర్యాదు యాడ ఇచ్చేదో చెప్పలా.

చీమకుర్తి రాయి
మూడు దారులు, మూడింటి పనీ వేరు. అమ్మినవాడితో మాట్లాడి డబ్బు ఇప్పించాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. గుర్తు దొంగదని అనుమానమైతే బీఐఎస్ కేర్ ఆప్‌లోనే కంప్లయింట్స్. సరుకు అందరికీ ప్రమాదం, మార్కెట్లోంచే తీసెయ్యాలంటే సీసీపీఏకు రాయాలి. వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ ఫిర్యాదు జిల్లా కలెక్టరుకు కూడా ఇవ్వొచ్చు, నెల్లూరైనా ఒంగోలైనా సోమవారం అర్జీల్లో పెట్టి రసీదు తీసుకోండి. అర్జీలో "బొమ్మ బాలేదు" అని రాస్తే పని జరగదు. వస్తువు పేరు, గుర్తు ఉందా లేదా, ఉంటే నంబరు, కొన్న చోటు, తేదీ, ఏ భాగం ఎట్లా ఊడింది, ఫోటోలు.

ఇవేవీ నష్టపరిహారం ఇవ్వవు. దెబ్బ తగిలితే దానికి జిల్లా వినియోగదారుల కమిషన్, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. వస్తువు ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే కుదురుతుంది. దెబ్బ తగిలిన వస్తువును మాత్రం కడగొద్దు, బాగు చేయించొద్దు, ఊడిన ముక్కతో సహా కవర్లో పెట్టి దాచండి.

మైపాడు గాలి
టార్చి పక్కనుంచి వేస్తే అంకెలు కనపడినాయి. మోడల్, తేదీ రెండూ కలిసినాయి, వాలు 27 డిగ్రీలు. అక్కడ మావాళ్ళ పేరు మీద ఫారం నింపినాం, బెల్టులు కోసి ఫోటో పంపమన్నారు. ఫ్రేము బాగుండాది, ఇంట్లో పనిచేసే ఆమె మనవడికి అడిగింది. కొత్త బెల్టులు కుట్టించుకుంటానంటా ఉండాది.

వార్డు సిస్టర్
ఇవ్వొద్దు నాయనా. తప్పు బెల్టులో లేదు, వాలులో ఉంది, ఆ బిడ్డ మెడా అంతే. ఆమెకు ఒక చదును పరుపు కొనివ్వండి.

డాలస్‌లో కావలోడు
ఫోటో పంపినాక గుడ్డ నిలువుగా చీల్చు, కాలి గొట్టాలు రంపంతో రెండు ముక్కలు చెయ్యి. బ్యాటరీలు, మోటారు తీసి విడిగా ఇవ్వు. పాత సామాన్లాయన బండి మీద ఉయ్యాల ఆకారంలో కనపడకూడదు.

మైపాడు గాలి
రంపం తెచ్చినా. సాయంత్రానికి కోసేస్తాం.